వార్తల్లో పదం: మోనోక్రోటోఫాస్

వరి, పత్తి పొలాల్లో దశాబ్దాల పాటు కొట్టిన ఆర్గానోఫాస్ఫరస్ పురుగుమందు మోనోక్రోటోఫాస్. 2005లో కూరగాయలపై వాడొద్దన్న కేంద్రం, 2023లో దాని 36% ఎస్‌ఎల్ ద్రవాన్ని నిషేధించి, ఉన్న నిల్వలు తీరేందుకే గడువిచ్చింది. నరాల సంకేతాన్ని సకాలంలో ఆపే ఎంజైమును ఇది పనిచేయనివ్వదు. దాంతో మనిషికి చొంగ, చెమట, సూదిమొనంతగా కుంచించుకుపోయిన కంటిపాపలు, చివరికి ఊపిరాడకపోవడం. పురుగుకైనా, మనిషికైనా, పక్క చెరువులోని రొయ్యకైనా దెబ్బ తగిలేది ఆ ఎంజైము దగ్గరే. వరిమడీ రొయ్యల చెరువూ పక్కపక్కనే ఉండే నెల్లూరు తీరంలో ఇది చిన్న విషయం కాదు.

జాగ్రత్తగా కొడితే ఏమీ కాదంటారు. చేతి తొడుగులు, మాస్కు, నిండు బట్టలు ఉండాలి, గాలికి ఎదురుగా కొట్టకూడదు, డబ్బాను కాలువలో కడగకూడదు. అన్నీ నిజమే. కానీ తీరప్రాంతపు ఉక్కలో, బురదమడిలో, గంటల తరబడి ఆ తొడుగులు ఎవరు భరిస్తారు? వీపు మీద స్ప్రేయర్ కారితే మందు చర్మంలోంచే ఒంట్లోకి దిగుతుంది. పైగా ఇంట్లో దాచిన సీసా పొలానికే పరిమితం కాదు, ప్రాణం తీసుకోవాలనుకునే చేతికీ అందుతుంది. 1997-2002 మధ్య వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో పురుగుమందుల విషంతో 8,000 మందికి పైగా చేరారు. వారిలో ఐదింట ఒక వంతుకు పైగా చనిపోయారు. మోనోక్రోటోఫాస్ మానేస్తే దిగుబడి పడిపోతుందన్న భయానికి శ్రీలంక అనుభవమే జవాబు. అక్కడ 1995లో ఆపేశారు. వరి దిగుబడి పడిపోలేదు, ఆత్మహత్యలు తగ్గాయి. మందు ఒంటిమీద పడితే వెంటనే బట్టలు విప్పి, సబ్బుతో కడిగి, సీసా లేబుల్ సహా ఆసుపత్రికి పరుగెత్తాలి. విరుగుడైన అట్రోపిన్ ఎంత త్వరగా పడితే అంత మేలు.