గుర్రం కుంటుతోందా? ముందు గిట్ట ఎత్తి చూడండి

రాత్రి పెళ్లి ఊరేగింపులో బాగానే నడిచిన గుర్రం తెల్లారేసరికి ముందు కాలు నేల మీద ఆనించలేకపోతుంది. 'బెణికి వుంటుంది, నాలుగు రోజులు నూనె రాస్తే సరి' అని చాలామంది వదిలేస్తుంటారు. ఆ నాలుగు రోజుల్లోనే గిట్ట లోపల చీము పైకి పాకుతుంది. గుర్రం కుంటుకు కారణం ఎక్కువసార్లు గిట్టలోనే వుంటుంది. కాబట్టి భుజం, మోకాలు తడిమే ముందు గిట్ట ఎత్తి చూడండి.

లింగంపల్లి, తెల్లాపూర్ వైపు పొలాలు పోయి భవనాలు లేచాయి. గొడ్డూ గుర్రమూ మేసేది ఖాళీ ప్లాట్లలోనే. అక్కడ గడ్డితో పాటు సెంట్రింగు మేకులు, బైండింగు వైరు ముక్కలు, గాజు పెంకులు పడి వుంటాయి. వానాకాలం బురదలో మేకు కంటికి ఆనదు.

ఏ కాలో ఎలా తెలుస్తుంది?

గుర్రాన్ని గట్టి నేల మీద తిన్నగా నడిపించండి. నొప్పి వున్న ముందు కాలు నేలకు తగలగానే తల పైకెత్తుతుంది. మంచి కాలు పడ్డప్పుడు దించుతుంది. నాలుగు గిట్టల మీదా చెయ్యి పెట్టి చూడండి, చీము పట్టిన గిట్ట వేడిగా వుంటుంది. గిట్టకు కాస్త పైన కాలి వెనక వేళ్లు ఆనిస్తే నాడి గట్టిగా కొట్టుకుంటుంది.

ఎడ్లకు వచ్చే గాలికుంటు ఇదేనేమోనని కొందరు భయపడతారు. గాలికుంటు రెండు గిట్టల పశువులకే వస్తుంది, గుర్రానికి రాదు.

గిట్ట అడుగున మూడు మూలల మెత్తటి భాగం వుంటుంది. దాని పక్క గాళ్లలో నల్లటి జిగురు, ముక్కు మూసుకునేంత కంపు వుంటే అది కుళ్లు. డాక్టర్లు థ్రష్ అంటారు. పేడ, మూత్రం నానిన కొట్టంలో నిలబెట్టడం వల్లే వస్తుంది. గిట్టను శుభ్రంగా గీకి, కడిగి, గుడ్డతో పూర్తిగా తుడిచి, పావిడోన్ అయోడిన్ మందు రోజూ పట్టించాలి. కుళ్లిన పొరలను డాక్టరు చేతే కోయించండి. నేల ఆరబెట్టకుండా ఎంత మందు పోసినా దండగే.

కాలు అసలే మోపడం లేదంటే లోపల చీముగడ్డ కావచ్చు. డాక్టరు అడుగున చిన్న రంధ్రం చేసి చీము వదిలిస్తారు. దారి దొరికి చీము కారితే చాలా గుర్రాలు ఒకటి రెండు రోజుల్లో తేరుకుంటాయి. ఆ తర్వాత చెయ్యి ఓర్చుకునేంత గోరువెచ్చని నీళ్లలో ఎప్సం సాల్ట్ కలిపి, గిట్టను పావుగంట ముంచి, ఆరాక శుభ్రమైన దూది, గుడ్డతో కట్టు కట్టాలి. పైన మందపాటి ప్లాస్టిక్ సంచి చుడితే బురద అంటదు. చీము బయటికి రాకుండా ఇంజక్షన్లు మాత్రమే పొడిపిస్తే జబ్బు లోపలే వుండిపోతుంది. బ్యాటరీ యాసిడ్, కాలిన ఇంజను ఆయిలు మాత్రం పోయకండి. మంచి కండ కూడా కాలిపోతుంది.

మేకు దిగి కనిపిస్తే, డాక్టరు వెంటనే రాగలిగితే పీకకండి. ఎటు, ఎంత లోతుకు దిగిందో ఆయన చూడాలి. ఇంకా లోపలికి దిగకుండా గుర్రాన్ని కదలనివ్వకండి. పీకక తప్పకపోతే దిగిన చోట గుర్తు పెట్టి, మేకును దాచి చూపించండి. గాయం చిన్నదే కదా అనుకోవద్దు. ధనుర్వాతం గుర్రాలకు తేలిగ్గా పట్టుకుంటుంది, పట్టుకుంటే బతకడం కష్టం. టీకా మొదట నాలుగు నుంచి ఆరు వారాల తేడాతో రెండుసార్లు, తర్వాత ఏటా వేయించాలి. గుర్రం ఖరీదు ముందు టీకా ఖర్చు ఏపాటిది?

రెండు ముందు కాళ్లూ చాచి వెనక్కి వాలి నిలబడితే అది వేరే జబ్బు. గింజలు, దాణా ఎక్కువ తిన్నాక ఇలా వస్తుంటుంది. నడిపించకుండా, మెత్తటి నేల మీద వుంచి వెంటనే డాక్టరును పిలవండి.

నొప్పి మందులు మీరే కొని వేయకండి. రాబందులు చచ్చిపోతున్నాయని పశువులకు డైక్లోఫెనాక్‌ను మన దేశంలో 2006లోనే నిషేధించారు.

రోజూ పనికి ముందు, పని అయ్యాక గిట్టలు గీకాలి. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి గిట్ట చెక్కించి లాడాలు మార్పించండి. గిట్ట నెలకు సెంటీమీటరులోపే పెరుగుతుంది, చీలిన గోడ పూర్తిగా కొత్తది కావడానికి దాదాపు ఏడాది పడుతుంది. కట్టేసే చోటు కాస్త వాలుగా వుండాలి, కింద పొడి గడ్డి లేదా రంపపు పొట్టు వేయాలి. రెండు మూడు రోజుల్లో కుంటు తగ్గకపోతే దగ్గరలోని పశువుల ఆసుపత్రికి, అక్కడ కాకపోతే రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలకు తీసుకెళ్లండి. ఈలోగా ఊరేగింపు కిరాయి ఎంత వచ్చినా ఒప్పుకోకండి.