గుట్టకు కంచె కాదు, కాపరి కావాల

ముదిగుబ్బ నుంచి కదిరి దోవ పట్టి పోతా ఉంటే గుట్టలు, బీళ్లు కనపడతాయి. బయటోళ్ల కండ్లకు అవి ఉత్త రాళ్లు. రెవెన్యూ రికార్డులో బంజరు. గొర్లు కాసుకునేటోళ్లకు మాత్రం అదే మేత. జింకకు, తోడేలుకు, కౌజు పిట్టకు అదే ఇల్లు.

ఇట్లాంటి గడ్డి నేలలను బాగుచేసి అడవి జంతువులకు వదలాల అంటే మంచి మాటే. ఎట్ల చేయాల అన్నదే అసలు ప్రశ్న. కంచె వేసి కాపరిని తరిమితే గడ్డి బతుకుతాదా?

నంద్యాల జిల్లా రోళ్లపాడును చూడండి. బట్టమేక పిట్ట కోసం 1988లో ఆడ 614 హెక్టార్లను అభయారణ్యం చేసినారు. కంచెలు వేసి మేపు ఆపినారు. గడ్డి ఏపుగా పెరిగింది, జింకలు మందలు మందలయినాయి. అవి చేన్ల మీద పడితే రైతుకు కడుపు మండింది. బట్టమేక పిట్టేమో నేల మీద ఒక్క గుడ్డు పెట్టేది. దానికి నాలుగు దిక్కులూ కనపడే పొట్టి గడ్డి కావాల. పక్కన మెట్ట చేన్లు ఉండాల. కాలవ నీళ్లొచ్చి ఆ చేన్లూ మారిపోయినాయి. మేపు ఆపినందుకే పిట్ట పోయిందని నేను అనడంల్యా. కానీ కంచె దాన్ని కాపాడలేకపోయింది, చుట్టూ ఉన్న ఊర్లను మాత్రం దూరం చేసింది.

గడ్డి సంగతి కాపరికి తెలుసు. తొలి వానకు మొలిచిన గడ్డిని అప్పుడే మేపేస్తే విత్తనం పడదు, మరుసటేడు నేల బోడి అవుతాది. అస్సలు మేపకపోతే ఎండు గడ్డి పేరుకుంటాది, ఎండాకాలం ఒక్క బీడీ ముక్క చాలు గుట్టంతా కాలడానికి. విత్తనం రాలేదాకా ఒక పక్క ఆపి, ఇంకో పక్క మేపుకుంటా పోతే గడ్డీ నిలుస్తాది, గొర్రే బతుకుతాది. పెంటికలకు పురుగులు చేరతాయి, పురుగులకు పిట్టలు వస్తాయి.

ఇది ఉత్త మాట కాదు. మన జిల్లాలోనే, చెన్నేకొత్తపల్లి దిక్కు కల్పవల్లి ఉంది. 1990ల మొదట్లో బోడి గుట్టలవి. చుట్టుపక్కల ఊర్లోళ్లు టింబక్టు కలెక్టివ్‌తో కలిసి కాపలా కాసినారు, నిప్పు పడకుండా చూసుకున్నారు. బోద గడ్డి, ఈత చెట్లు తిరిగొచ్చినాయి. తోడేళ్లూ తిరుగుతా ఉన్నాయి. కాపరులను తరమకుండానే వేల ఎకరాలు పచ్చబడినాయి.

మరి దెబ్బ యాడ తగిలింది? కాగితం మీద. రికార్డులో అది ఇంకా బంజరే. అందుకే గాలిమరల కంపెనీకి ఇచ్చేసినారు. గుట్టలు తొలిచి రోడ్లు వేసినారు. ఊర్లోళ్లు చెన్నైలోని హరిత ట్రిబ్యునల్ దాకా పోవాల్సి వచ్చింది. ఇరవై ఏండ్ల కాపలాను ‘బంజరు’ అనే ఒక్క మాట తుడిచేసింది.

అందుకే అడిగేది ఇది. మొదట, గడ్డి నేలను బంజరు లెక్కలోంచి తీయాల. రెండోది, వన్యప్రాణి చట్టానికి 2002లో చేసిన సవరణలో ‘కన్జర్వేషన్ రిజర్వు’ అనేది ఉంది. ప్రభుత్వ భూమిని, చుట్టుపక్కల జనాలను అడిగి, అట్ల ప్రకటించొచ్చు. దాని కమిటీలో ఆ పరిధిలోని ప్రతి పంచాయతీ నుంచి ఒకరు, పశుసంవర్ధక శాఖ నుంచి ఒకరు ఉండాలని చట్టమే చెప్తుంది. ఆ పంచాయతీ కుర్చీలో గొర్ల కాపరి కూర్చోవాల, కాంట్రాక్టరు కాదు. మూడోది, తోడేలు గొర్రెపిల్లను ఎత్తుకపోతే పరిహారం నెలలు తిప్పకుండా ఇయ్యాల. లేకుంటే కాపరి విషం పెడతాడు, తప్పు అతనిది ఒక్కనిదే కాదు.

వాన మనల్ని నమ్మించి మోసం చేసే సీమ ఇది. శెనక్కాయ పోయిన ఏడు ఇల్లు నిలబెట్టేది గొర్రే. ఆ గొర్రెను నిలబెట్టేది గుట్ట మీది గడ్డి. జింక పేరు చెప్పి కాపరిని తోలేస్తే, రేపు జింకకు తోడు నిలిచేటోడు ఎవడూ ఉండడు.