ఊరి ఎండలో ఊరికెంత?

రాయలసీమ మెట్టల మీదికి సోలార్ పార్కుల ప్రతిపాదనలు వరుసగా వస్తున్నాయి. పొరుగునే ఉన్న పావగడ ఈ దారిలో మనకన్నా ముందే నడిచింది. అక్కడ ఎవరికి ఏం దక్కిందో, ఎవరికి ఏం దక్కలేదో తెలుసుకుంటే, సంతకం పెట్టేముందు మన ఊళ్లు ఏం అడగాలో తెలుస్తుంది.

పావగడ కర్ణాటకలో తుమకూరు జిల్లా తాలూకా. మ్యాపులో చూస్తే మాత్రం ఆంధ్రలోకి చొచ్చుకొచ్చినట్టు ఉంటుంది. పొలిమేర దాటితే మన శ్రీ సత్యసాయి జిల్లా పల్లెలే. ఇళ్లల్లో, సంతల్లో ఎక్కువగా వినిపించేదీ తెలుగే. అరవై ఏళ్లలో యాభైకి పైగా సార్లు కరువు ప్రాంతంగా ప్రకటించిన తాలూకా ఇది. వానొస్తే వేరుశనగ, రాకుంటే బెంగళూరు బస్సు. బోరు వేస్తే నీళ్లు పడతాయన్న నమ్మకం లేదు, పడ్డ నీళ్లలో ఫ్లోరైడ్.

అలాంటి చోట తిరుమణి, వళ్లూరు, బాలసముద్రం, క్యాతగానచెర్లు, రాయచెర్లు అనే ఐదు గ్రామాల భూముల్లో, 13,000 ఎకరాల్లో, 2,050 మెగావాట్ల సోలార్ పార్కు వెలిసింది. 2018 మార్చిలో తొలి దశ మొదలైంది. 2019 చివరికి నిర్మాణం పూర్తయింది. కర్ణాటక ప్రభుత్వం దానికి ‘శక్తి స్థల’ అని పేరు పెట్టింది. ఇప్పుడు ఆ పార్కును ఇంకా విస్తరించాలన్న ప్రతిపాదన మీద చర్చ నడుస్తోంది. ఇటు ఆంధ్రప్రదేశ్ కూడా 2024లో సమీకృత క్లీన్ ఎనర్జీ విధానం ప్రకటించి, పెట్టుబడులను ఆహ్వానిస్తోంది. రేపు కంపెనీవాళ్లు, రెవెన్యూవాళ్లు వచ్చేది ఏ ఊరికైనా కావచ్చు.

భూమి రైతు పేరు మీదే

పెద్ద ప్రాజెక్టు అనగానే మన రైతుకు గుర్తొచ్చేది భూసేకరణ. నోటీసు, పరిహారం, ఆ డబ్బు కరిగిపోయాక చేతిలో మిగిలేది సున్నా. పావగడలో ఆ దారి పట్టలేదు. ప్రభుత్వ సంస్థ రైతుల దగ్గర భూమిని కొనకుండా కౌలుకు తీసుకుంది. దాదాపు 2,300 మంది రైతులు ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయల చొప్పున, రెండేళ్లకోసారి 5 శాతం పెంపుతో భూములిచ్చారు. ఆ భూమి మీద రోడ్లు, సబ్‌స్టేషన్లు, లైన్లు సంస్థ వేసింది. ప్లాట్లుగా విడగొట్టి విద్యుత్ కంపెనీలకు అప్పగించింది.

మెట్ట రైతు కళ్లతో చూస్తే ఇది చిన్న విషయం కాదు. విత్తనం, ఎరువు, కూలి పోగా వేరుశనగ మీద ఎకరాకు ఇరవై వేలు కళ్లజూసే సంవత్సరాలు ఆ నేలలో అరుదు. పెట్టుబడి పెట్టకుండా, వడ్డీ వ్యాపారి గడప తొక్కకుండా, ఆకాశం వైపు చూడకుండా ఏటా డబ్బు బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఐదెకరాలున్న కుటుంబానికి లక్షకు పైగా నిలకడైన రాబడి. పిల్లల చదువుకు, పాత అప్పు తీర్చడానికి అదే ఊపిరి.

మన కర్నూలు అనుభవం వేరు. గని, శకునాల గ్రామాల పరిధిలో దాదాపు 5,900 ఎకరాల్లో కట్టిన 1,000 మెగావాట్ల పార్కు 2017లో పూర్తయినప్పుడు, ఒకేచోట ఉన్న సౌర విద్యుత్ కేంద్రాల్లో ప్రపంచంలోనే పెద్దదిగా పేరొచ్చింది. అక్కడి భూమి ప్రభుత్వపరమైంది. ఊరికి పేరొచ్చింది, రోడ్డొచ్చింది. ఏటేటా చేతికందే కౌలు మాత్రం లేదు. ఒకే ఎండ, ఒకే రకం సోలార్ పలకలు. రెండు ఊళ్ల రాతల్లో తేడా తెచ్చింది ఒప్పందపు కాగితం.

కంచెకు అవతల మిగిలినవాళ్లు

అయితే పావగడ కథ రైతు ఖాతాతో ముగియదు. కౌలు పట్టాదారుకు వస్తుంది. ఆ పట్టాదారు చేలో కలుపు తీసి, కాయ కోసి బతికిన కూలికి? ప్రభుత్వ భూమిని తరాలుగా దున్నుకుంటున్నా చేతిలో కాగితం లేని దళిత కుటుంబానికి? బీళ్లల్లో గొర్రెలు తోలుకున్న కాపరికి?

పార్కు చుట్టూ కంచె పడింది. కొండల నడుమ చూపు ఆనినంత మేరా నల్లటి పలకలు. వాటి దిగువ అంచు నుంచి కడిగిన నీళ్లు, వాన చినుకులు జారి పడేచోట గడ్డి ఒత్తుగా లేస్తుంది. ఆ గడ్డి పెరిగి పలక మీద నీడ పడితే కరెంటు తగ్గుతుంది కాబట్టి, దాన్ని కోయడానికి ఆడవాళ్లను కూలికి పిలుస్తారు. ఒకప్పుడు తమ మేకలు మేసిన గడ్డినే ఇప్పుడు కొడవలితో కోసి పారబోయాలి. ఆ పని కూడా అందరికీ దొరకదు. గొర్రెల మందకు పాత దారి మూసుకుపోయింది. కంచె వెంట చుట్టు తిరిగి పోవాలి, లేదా మందను అమ్ముకోవాలి.

ఉద్యోగాల మాటా నిజాయితీగా చెప్పుకోవాలి. కట్టేటప్పుడు వేలమందికి పని ఉంటుంది. గుంతలు తవ్వాలి, ఇనుప చట్రాలు నిలపాలి, పలకలు మోయాలి, కేబుళ్లు లాగాలి. కట్టడం అయిపోయాక మిగిలేవి కాపలా, గడ్డి కోత, పలకలు కడగడం, కొద్దిపాటి సాంకేతిక కొలువులు. ఆ సాంకేతిక కొలువుల్లో ఊరి పిల్లలు కూర్చోవాలంటే, పార్కు కంటే ముందు శిక్షణ రావాలి. జాతీయ సౌర శక్తి సంస్థ నడిపే ‘సూర్యమిత్ర’ శిక్షణ ఇందుకే ఉంది. పునాది తవ్విన రోజే మండలంలోని ఐటీఐలో ఆ తరగతి మొదలైతే, ప్రారంభోత్సవం నాటికి ఊరి పిల్లల చేతిలో సర్టిఫికెట్ ఉంటుంది. ప్రారంభోత్సవం తర్వాత మొదలైతే, కొలువుల్లో అప్పటికే బయటివాళ్లు కుదురుకుని ఉంటారు.

రెండెకరాల లెక్క

రైతుకు మేలు జరిగిందన్న చోట కూడా కాగితం మీద ఒకసారి లెక్క వేసుకుందాం. రెండెకరాలకు మొదటి ఏడాది కౌలు 42,000. రెండేళ్లకోసారి 5 శాతం పెరిగితే, ఇరవై నాలుగేళ్ల తర్వాత అది సుమారు 75,000 అవుతుంది. వినడానికి బాగానే ఉంది. కానీ సరుకుల ధరలు ఏటా 5 శాతం చొప్పున పెరుగుతాయనుకుంటే, అప్పటికి అన్నీ మూడింతలు దాటుతాయి. అంటే ఆ 75,000కు వచ్చే సరుకులు, ఒప్పందం రాసుకున్ననాటి ధరల్లో 24,000 రూపాయలకు కూడా రావు. ఏటేటా అంకె పెరుగుతుంది, బియ్యం బస్తాలు తగ్గుతాయి. అందుకే కౌలు పెంపును ధరల సూచీకి ముడిపెట్టమని అడగడం అత్యాశ కాదు. ఉద్యోగికి కరువు భత్యం ఇచ్చే దేశంలో, పాతికేళ్లకు భూమి అప్పగించిన రైతుకు ఆ న్యాయం ఎందుకుండకూడదు?

ఇంకో లెక్క. మన ఎండకు ఒక మెగావాట్ పలకలు ఏడాదికి సుమారు 17 లక్షల యూనిట్ల కరెంటు ఇస్తాయి. ఆ చొప్పున 2,050 మెగావాట్లకు దాదాపు 350 కోట్ల యూనిట్లు. మొత్తం 13,000 ఎకరాలకూ 21,000 చొప్పున కౌలు కట్టారనుకున్నా, ఏడాదికి 27 కోట్ల చిల్లర. యూనిట్‌కు లెక్కేస్తే ఎనిమిది పైసలు కూడా పడదు. కరెంటును యూనిట్ మూడు రూపాయలకే అమ్మినా, నేల ఇచ్చిన రైతుల వాటా నూటికి మూడు రూపాయలైనా కాదు.

ఇక్కడే దారి కనిపిస్తుంది. యూనిట్‌కు ఒక్క పైసా ఊరి నిధికి కేటాయిస్తే, ఆ స్థాయి పార్కు నుంచి ఏడాదికి మూడున్నర కోట్ల రూపాయలు వస్తాయి. ఐదు గ్రామాలకు, పాతికేళ్లపాటు, ఏటా. కరెంటు కొనేవాళ్లకు ఆ పైసా భారం కాదు, కంపెనీకి నష్టమూ కాదు. ఫ్లోరైడ్ లేని తాగునీటికి, బడికి, ఆస్పత్రికి, భూమి లేని కుటుంబాల ఆసరాకు ఆ డబ్బు ఏం చేయగలదో పంచాయతీలు నడిపినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. ఇది ఎక్కడా లేని కోరికేమీ కాదు. జర్మనీలో 2021 నుంచి గాలిమరలు, నేల మీద కట్టిన సౌర కేంద్రాలు యూనిట్‌కు 0.2 యూరో సెంట్ల దాకా స్థానిక పురపాలక సంస్థలకు చెల్లించేలా చట్టమే వెసులుబాటు ఇచ్చింది. మన డబ్బుల్లో అది ఇరవై పైసలకు అటూఇటూ. అక్కడి పల్లెకు ఇరవై పైసలు ఇవ్వగలిగితే, ఇక్కడి పల్లెకు ఒక్క పైసా ఇవ్వలేమా?

అడగడానికి గ్రామసభే వేదిక

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. సోలార్ పలకల కేంద్రాలకు 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ వర్తించదు. గనికో, థర్మల్ కేంద్రానికో జరిగినట్టు కలెక్టర్ ఎదుట ప్రజాభిప్రాయ సేకరణ జరగదు. పొగ లేదు, బూడిద లేదు కాబట్టి ఆ మినహాయింపుకు కారణం లేకపోలేదు. కానీ దానివల్ల ఊరు నోరు విప్పే అధికారిక సందర్భం పోయింది. మిగిలింది గ్రామసభే. అక్కడ అడగనిది తర్వాత ఎక్కడా అడగలేం.

పార్కు ప్రతిపాదన వచ్చిన ఊళ్లో గ్రామసభ ఇవి అడగాలి, తీర్మానంలో రాయించాలి:

• భూమి కొనుగోలుకా, కౌలుకా? కౌలైతే పెంపు ధరల సూచీతో పాటు నడుస్తుందా?

• పట్టా లేని సాగుదారులు, కౌలు రైతులు, కూలీల జాబితా భూమి అప్పగించకముందే తయారవుతుందా? వాళ్లకు ఇచ్చేదేంటి?

• యూనిట్ లెక్కన గ్రామ నిధికి ఎన్ని పైసలు? ఆ ఖాతా ఎవరి చేతిలో? లెక్కలు ఏడాదికోసారి సభ ముందు పెడతారా?

• పలకలు కడగడానికి నీళ్లెక్కడివి? మన బోర్ల జోలికి రాకుండా, నీరు అక్కర్లేని యంత్రాలతో తుడుస్తారా?

• పలకల కింద గొర్రెలను మేపనిస్తారా? మందల దారి, వంక, శ్మశానం, గుడి దారి కంచె బయట ఉంటాయా?

• గడువు తీరాక పలకలు, ఇనుము, కాంక్రీటు దిమ్మెలు ఎవరు తీస్తారు? నేలను దుక్కికి అనువుగా చేసి అప్పగించే ఖర్చు ముందే డిపాజిట్ చేస్తారా?

ఇందులో ఏదీ జరగని పని కాదు. అమెరికాలో, ఆస్ట్రేలియాలో సోలార్ కేంద్రాల్లో గడ్డిని గొర్రెలే మేస్తాయి. కాపరికి మేత, కంపెనీకి గడ్డి కోత ఖర్చు తగ్గింపు. పాడైన పలకలను 2022 ఈ-వ్యర్థాల నియమాలు ఇప్పటికే తమ పరిధిలోకి తెచ్చాయి. కాబట్టి వాటిని చేలో వదిలేసి పోయే హక్కు ఎవరికీ లేదు.

ఊరే కంపెనీ అయితే

అన్ని ప్రతిపాదనలూ వేల ఎకరాలవే కానక్కర్లేదు. 2019లో వచ్చిన పీఎం కుసుమ్ పథకంలో ఒక భాగం అచ్చంగా చిన్న కేంద్రాల కోసమే. రైతులు, రైతు సంఘాలు, సహకార సంఘాలు, పంచాయతీలు కూడా సబ్‌స్టేషన్ దగ్గరి బీడు భూముల్లో అర మెగావాట్ నుంచి రెండు మెగావాట్ల దాకా సొంతంగా పెట్టుకుని విద్యుత్ పంపిణీ సంస్థకు (డిస్కంకు) అమ్మవచ్చు. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో మహిళా స్వయం సహాయక సంఘాల ద్వారా 1,000 మెగావాట్ల సౌర కేంద్రాలకు ఒప్పందం చేసింది. నాలుగైదు ఎకరాల్లో ఒక మెగావాట్ పెట్టుకున్న సంఘానికి వచ్చేది కౌలు ఎనిమిది పైసలు కాదు. బ్యాంకు వాయిదా పోగా మిగిలిన లాభమంతా వాళ్లదే. పెట్టుబడి అప్పు, కరెంటు బిల్లుల బకాయిలు దీంట్లో ఉన్న కష్టాలు. డిస్కం సకాలంలో డబ్బు చెల్లించేలా చూసే పూచీ ప్రభుత్వం తీసుకుంటే, మండలానికి నాలుగు చిన్న కేంద్రాలు ఇచ్చే మేలు ఒక మహా పార్కు కూడా ఇవ్వలేదు.

బొగ్గు తగ్గాలి, సౌర విద్యుత్తు పెరగాలి. ఇందులో వాదులాటకు చోటు లేదు. రాయలసీమకు, పావగడకు, పాలమూరుకు ఎండ దండిగా ఉంది, ఆ ఎండ దేశానికి అవసరం. ఇన్నాళ్లూ కరువుకు కారణమని తిట్టుకున్న ఎండే రాబడి అవుతున్నప్పుడు, ఆ రాబడి పంపకం నగరంలోని ఆఫీసుల్లో మాత్రమే తేలకూడదు. ప్రతిపాదన కాగితం మీద ఉన్నప్పుడే ఊరికి బలం ఉంటుంది. స్తంభాలు పాతాక చేసే ధర్నా కంటే, సంతకానికి ముందు అడిగిన ఒక్క ప్రశ్న విలువైనది. సోలార్ పార్కును ఆహ్వానిద్దాం. కౌలు, కూలి, మేత, నీరు, నిధి అన్నీ రాయించుకునే ఆహ్వానిద్దాం.