కంప్యూటర్‌కూ వడదెబ్బ!

పచ్చడి రుబ్బుతుంటే మిక్సీ ఉన్నట్టుండి ఆగిపోవడం మీలో చాలామందికి అనుభవమే. కాసేపు చల్లారనిచ్చి, అడుగునున్న ఎర్ర బటన్ నొక్కితే మళ్లీ తిరుగుతుంది. మిక్సీ చెడిపోలేదు, వేడెక్కి తనను తాను కాపాడుకుంది. అదే పని ఇంట్లో కంప్యూటర్ చేస్తే మాత్రం పిల్లల్ని తిడతాం, లేదా కొత్తదానికి డబ్బులు లెక్కపెట్టుకుంటాం. పోయిన మే నెలలో మా ఇంట్లో జరిగిందదే.

మాది కర్నూలు. మావాడు ఇంటర్‌లో చేరినప్పుడు డెస్క్‌టాప్ కొన్నాం. నాలుగేళ్లు బాగానే నడిచింది. ఈ ఎండాకాలం మాత్రం మధ్యాహ్నం గేమ్ మొదలుపెడితే అరగంటకు తెర నల్లబడి టప్పున ఆగిపోయేది. మళ్లీ వేస్తే ఈసారి పది నిమిషాలకే. "ఆ పాడు ఆటల వల్లే చెడిపోయింది" అని మావారు, "నేనేం చేయలేదు నాన్నా" అని వాడు. రోజూ గొడవే. షాపులో చూపిస్తే మూత కూడా తీయకుండా "బోర్డు పోయినట్టుంది, కొత్తది తీసుకోండి" అన్నారు. ఆ రోజు నుంచి తండ్రీకొడుకుల మధ్య మాటలు కూడా తగ్గిపోయాయి.

కడప నుంచి మా తమ్ముడు వచ్చినప్పుడు ఈ సంగతి చెప్పాను. వాడు కంప్యూటర్ వైపు చూసి, "అక్కా, దీన్ని ఎక్కడ పెట్టినారో చూసినావా?" అన్నాడు. గోడలో కడప బండలు వేసి కట్టించిన అర అది. మూడు వైపులా గోడ. దుమ్ము పడకుండా నేనే కుట్టి తొడిగిన గుడ్డ కవరు. సగం తీసి సగం ఉంచి వాడేస్తుంటాం. "మే నెల్లో మనిషికి కంబళి కప్పి తలుపేసినట్టుంది" అని నవ్వినాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఇన్నాళ్లూ తిట్లు తిన్నది పిల్లోడు, తప్పు నాది!

అసలు ఎందుకు వేడెక్కుతుంది?

ఉత్తరం టైపు చేసుకునేటప్పుడు కంప్యూటర్‌కు పెద్ద పని ఉండదు. గేమ్ ఆడేటప్పుడు ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ ఒళ్లు వంచి పని చేస్తాయి. ఆ వేడిని పళ్లున్న దువ్వెనలాంటి లోహపు దిమ్మె పీల్చుకుంటే, దాని మీది ఫ్యాన్ బయటికి తోస్తుంది. ఫ్యాన్ తోసేది గదిలోని గాలినే కదా! జనవరిలో గది 30 డిగ్రీలున్నప్పుడు లోపల 75 ఉంటే, మేలో గది 40 అయితే లోపల 85 అవుతుంది. పైగా మన సీమలో దుమ్ముకు కొదవా? వేసవి గాలులు, బేతంచెర్ల, ఎర్రగుంట్ల వైపైతే నాపరాళ్ల పొడి కూడా. ఆ పళ్ల సందుల్లో దుమ్ము కంబళిలా పేరుకుంటే గాలి ఆడదు. వేడి పెరిగేకొద్దీ కంప్యూటర్ ముందు నెమ్మదిస్తుంది. 100 డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి కాలిపోకుండా తానే ఆగిపోతుంది.

ముందు జబ్బు తెలుసుకోండి

గేమ్ మొదలుపెట్టిన కాసేపటికి ఆగి, వెంటనే వేస్తే ఇంకా త్వరగా ఆగుతోందా? అయితే వేడి మీదే మొదటి అనుమానం. చల్లగా ఉన్నప్పుడూ, ఉత్తరం రాస్తున్నప్పుడూ ఆగిపోతుంటే కారణం వేరే ఉండొచ్చు. ఇంట్లో లైట్లు మసకబారినప్పుడే ఆగుతుంటే కరెంటు సంగతి చూపించండి.

వేడిని కొలిచే ఉచిత సాఫ్ట్‌వేర్‌లు ఉన్నాయి, పిల్లల్ని అడిగితే వేసి చూపిస్తారు. గేమ్‌లో 70, 80 డిగ్రీలుంటే భయం లేదు. 90 దాటుతుంటే జాగ్రత్త పడాలి. ఇంకో తేలికైన పరీక్ష ఉంది. కంప్యూటర్ ఆపి, ప్లగ్ తీసి, పక్క మూత విప్పండి. ఆ తర్వాత ప్లగ్ పెట్టి, ఎదురుగా టేబుల్ ఫ్యాన్ ఉంచి ఆడించి చూడండి. అప్పుడు ఆగకపోతే గాలి ఆడకపోవడమే కారణం. ఆ కాసేపూ చిన్నపిల్లల చేతులు దగ్గరికి రానివ్వకండి.

మనమే శుభ్రం చేసుకోవచ్చు

ప్లగ్ తీసేశాక ఆన్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోండి. వరండాలోకి తీసుకెళ్లి, పక్క మూత స్క్రూలు విప్పండి. లోపల చేయి పెట్టే ముందు పెట్టె ఇనుప భాగాన్ని ఒకసారి ముట్టుకోండి, ఒంట్లోని స్టాటిక్ కరెంటు పోతుంది. కొత్త మెత్తటి పెయింటు బ్రష్‌తో దుమ్ము నెమ్మదిగా దులపండి. బ్లోయర్ ఉంటే కొంచెం దూరం నుంచి కొట్టండి. ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి పట్టుకోవాలి, గిర్రున తిరిగితే చెడిపోతుంది. ముక్కుకు గుడ్డ కట్టుకోవడం మరచిపోకండి.

తడిగుడ్డ, వ్యాక్యూమ్ క్లీనర్ వద్దు. కరెంటు తీగ వచ్చి తగిలే పవర్ సప్లై డబ్బాను ఎట్టి పరిస్థితిలోనూ విప్పకండి. ప్లగ్ తీసినా అందులో షాక్ కొట్టేంత కరెంటు మిగిలి ఉంటుంది. ఎయిర్ కూలర్ తడిగాలి నేరుగా పెట్టె మీదికి తిప్పకండి.

శుభ్రం చేసినా తగ్గకపోతే, ప్రాసెసర్‌కూ దిమ్మెకూ మధ్య పూసే థర్మల్ పేస్టు ఎండిపోయి ఉండొచ్చు. పాతది తుడిచి కందిగింజంత కొత్తది పెడితే చాలు. ఇది మాత్రం తెలిసినవాళ్లతోనే చేయించండి.

మా ఇంట్లో ఏమైందంటే...

దులిపితే చేటెడు దుమ్ము వచ్చింది. తమ్ముడే పేస్టు మార్చినాడు. కంప్యూటర్‌ను అరలోంచి తీసి, గోడకు జానెడు దూరంగా బల్ల మీద పెట్టాం. కవరు ఇప్పుడు ఆపేసి చల్లారాకే తొడుగుతాను. గేమ్ సెట్టింగుల్లో ఫ్రేములు 60కి తగ్గిస్తే వేడి ఇంకా తగ్గింది. ఖర్చు కొన్ని వందలే. ఇకమీదట రెండు నెలలకోసారి దులపాలని, ఎండాకాలం మధ్యాహ్నాలు ఆట వద్దని మావాడితో ఒప్పందం చేసుకున్నాను.

మావారు ఏమీ అనలేదు. ఆ రాత్రి వాడి పక్కన కుర్చీ వేసుకుని "ఎంత వేడుంది రా ఇప్పుడు?" అని అడిగారు. "డెబ్బై రెండు నాన్నా" అన్నాడు వాడు. వారం తర్వాత వాళ్లిద్దరూ మాట్లాడుకున్న మొదటి మాట అదే. మీ ఇంట్లోనూ కంప్యూటర్ ఆగిపోతుంటే, పిల్లల మీద కోపం తెచ్చుకునే ముందు ఒక్కసారి మూత తీసి చూడండి!