ఓఎస్‌హెచ్ కోడ్

పూర్తి పేరు వృత్తిపరమైన భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్. పార్లమెంటు 2020లోనే ఆమోదించినా, అమల్లోకి వచ్చింది 2025 నవంబరు 21న. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం సహా 13 చట్టాలు ఇందులో కలిసిపోయాయి.

ప్రతి ఉద్యోగికీ నియామక పత్రం ఇవ్వాలన్నది ఇందులో కీలకమైన నిబంధన. కాగితమే కదా అనిపించవచ్చు. కానీ 2025 జూన్ 30న తెలంగాణలోని పాశమైలారం ఔషధ పరిశ్రమలో జరిగినలాంటి పేలుడు తర్వాత, తమవాడు అక్కడ పనిచేస్తున్నాడని చెప్పుకోవడానికి వలస కార్మికుడి కుటుంబానికి ఆధారం కావాలి. పరిహారం కోరాలన్నా తొలి రుజువు అదే.

14వ సెక్షన్ గురించి కార్మికులందరికీ తెలియాలి. రియాక్టర్‌లో ఒత్తిడి పెరుగుతోందనో, ప్రాణాపాయం ముంచుకొస్తోందనో సహేతుకమైన అనుమానం కలిగితే యాజమాన్యానికి చెప్పవచ్చు, అదే సమయంలో ఇన్‌స్పెక్టర్‌కూ తెలపవచ్చు. ప్రమాదం ఉందని నమ్మితే యజమాని వెంటనే సరిదిద్దాలి. భద్రతా విధుల్లో లోపం వల్ల కార్మికుడు చనిపోతే రెండేళ్ల వరకు జైలు, లేదా రూ.5 లక్షలకు తగ్గని జరిమానా, లేదా రెండూ. ఆ జరిమానాలో కనీసం సగం బాధిత కుటుంబానికి ఇవ్వాలని కోర్టు ఆదేశించవచ్చు.

ఆందోళన కలిగించే మార్పూ ఉంది. కరెంటుతో నడిచే యూనిట్‌ను ఫ్యాక్టరీగా పరిగణించాలంటే ఇదివరకు 10 మంది కార్మికులుంటే చాలు, ఇప్పుడు 20 మంది ఉండాలి. మన పారిశ్రామికవాడల్లో పదిహేను మందితో నడిచే షెడ్లు కోకొల్లలు.