బేకర్ స్ట్రీట్‌లో దిగినవాడు

లండన్‌లో బేకర్ స్ట్రీట్ అనగానే మన పాఠకులకు గుర్తొచ్చేది షెర్లాక్ హోమ్స్. కథల్లో తప్ప ఎక్కడా బతకని ఆ డిటెక్టివ్‌కి స్టేషన్ బయట విగ్రహం ఉంది, లోపల గోడ పలకల మీద నీడబొమ్మ ఉంది. అదే వీధి పేరుతో 1978లో స్కాట్లండ్ గాయకుడు జెర్రీ రాఫెర్టీ ఒక పాట విడుదల చేశాడు. బ్రిటన్‌లో మూడో స్థానానికీ, అమెరికాలో రెండో స్థానానికీ చేరిన ఈ పాటను లండన్ పాటల జాబితాలో వేయడం మామూలే. నేను మాత్రం దాన్ని లండన్‌లో కాలు నిలవని మనిషి పాట అంటాను. రాఫెర్టీ పాడిన 'స్టీలర్స్ వీల్' బృందం 1975లో విడిపోయాక, పాత ఒప్పందాల చిక్కు తెంచుకోవడానికి అతనికి మూడేళ్లు పట్టింది. అన్నాళ్లూ కొత్త రికార్డు తెచ్చే వీల్లేదు. లాయర్ల కోసం స్కాట్లండ్ నుంచి రైల్లో రావడం, బేకర్ స్ట్రీట్ దగ్గర స్నేహితుడి ఫ్లాట్‌లో తలదాచుకోవడం, మళ్లీ రైలెక్కడం. పాట ఉన్న ఆల్బమ్ పేరే 'సిటీ టు సిటీ'. పాటలో వీధి వర్ణన దాదాపు లేదు. అలసిన నడక, మరపు కోసం తాగుడు, ఇంత జనంలోనూ ఆప్యాయత దొరకని నగరం, తాగుడు మానేసి ఎక్కడో కాస్త నేల కొనుక్కోవాలని కలలు కనే స్నేహితుడు, ఉన్నవి ఇవే.

అలాగైతే ఏ వీధి పేరు పెట్టినా సరిపోయేదిగా అని అడగవచ్చు. సరిపోయేది కాదు. ప్రపంచంలో మొదటి భూగర్భ రైలు 1863 జనవరి 10న నడిచిన దారిలోదే ఈ స్టేషన్. ఇవాళ ఐదు లైన్లు, పది ప్లాట్‌ఫారాలు. బేకర్‌లూ లైన్ పేరులో సగం ఈ వీధిదే. పాటలో స్టేషన్ ప్రస్తావన రాదు, నిజమే. కానీ దిగడానికీ బండి మారడానికీ పుట్టిన ఇలాంటి చోటే, ఉండాలో వెళ్లాలో తేలని మనసుకు తగిన చిరునామా. ఇక, పాటను నిలబెట్టింది రాఫెల్ రావెన్స్‌క్రాఫ్ట్ వాయించిన సాక్సోఫోనే, వీధిదేముంది అనేవాళ్లున్నారు. సాక్సోఫోన్ గొప్పతనాన్ని కాదనను. అయితే అది ఎక్కడ మోగుతుందో గమనించండి. మామూలు పాటలో పల్లవి రావలసిన చోట ఇక్కడ మాటలే లేవు. చరణంలో మనిషి తన ఓటమిని గొణుక్కుంటాడు, గొంతు ఆగిన చోట వాద్యం అందుకుంటుంది. చెప్పుకోలేనిదాన్ని చెప్పే పని దానిది. చరణం లేకుండా ఆ కేకకు అర్థం లేదు.

చివరి చరణంలో తెల్లవారుతుంది, ఆ మనిషి ఇంటిదారి పడతాడు. రాఫెర్టీ చిక్కులు కూడా అప్పటికి తీరాయి. తాగుడు మాత్రం అతన్ని వదల్లేదు. 2011 జనవరి 4న, 63వ ఏట, కాలేయం చెడి కన్నుమూశాడు.