వార్తల్లో పదం: అఫేసియా

హాలీవుడ్ నటుడు బ్రూస్ విల్లిస్ అఫేసియా వల్ల నటనకు దూరమవుతున్నారని 2022 మార్చిలో ఆయన కుటుంబం ప్రకటించినప్పుడు ఈ పదం అందరి నోళ్లలో నానింది. మెదడులో భాషను నడిపే భాగాలు దెబ్బతిని మాట్లాడటం, అర్థం చేసుకోవడం, చదవడం, రాయడం కష్టమవడమే అఫేసియా. ఎక్కువగా పక్షవాతం వల్ల వస్తుంది. విల్లిస్ విషయంలో ఫ్రంటోటెంపోరల్ డిమెన్షియా అనే మెదడు వ్యాధి కారణమని 2023లో తేలింది.

1861లో ఫ్రెంచి వైద్యుడు పాల్ బ్రోకా చూసిన ఒక అఫేసియా రోగి ‘టాన్’ అన్న మాట తప్ప దాదాపు ఏమీ పలకలేకపోయేవాడు. ఎదుటివారు చెప్పింది మాత్రం చాలావరకు గ్రహించేవాడు. ఎంత నరకమో ఊహించండి! మరణానంతరం పరీక్షిస్తే మెదడు ఎడమవైపు ముందుభాగం దెబ్బతిని ఉంది.

అఫేసియాను వేరే సమస్యలతో పొరబడకూడదు. కండరాలు పట్టు తప్పి మాట ముద్దగా వస్తే అది డిసార్థ్రియా. మింగడం కష్టమైతే డిస్ఫేజియా.

అఫేసియా ఉన్నవారితో చిన్న వాక్యాల్లో మాట్లాడండి. వారి మాట మీరే పూరించకుండా, జవాబు కోసం ఓపికగా ఆగండి.